ఓవెన్‌లో ఆరిన చెక్కలు

మంగళవారం ఉదయం స్కూలు కెఫెటీరియాలో చేతులకు గ్లవ్స్ తొడుక్కుంటూ ఉండగా ఫోన్ మోగింది. వాట్సాప్ గ్రూపులో ఒకటే వాక్యం: "మాస్టారు ఇక లేరు." తెల్లవారుజామున గుండె నొప్పి వచ్చిందట, అంబులెన్సు వచ్చేలోపే అయిపోయిందట. ఫోన్ జేబులో పెట్టుకుని రెండో గ్లవ్ కోసం వెతకడం మొదలుపెట్టాను. ట్రేల కింద చూశాను, సింకు వెనక చూశాను. పక్కన పనిచేసే ఆవిడ నా చేతివైపు వేలు చూపించింది. అది నా చేతిలోనే ఉంది.

అప్పటినుంచీ మనసు ఒకచోట నిలవడం లేదు. జపానికి కూర్చుంటే పూసలు కదులుతున్నాయి, నామం ఎక్కడో తప్పిపోతోంది. మళ్ళీ మొదటి పూస దగ్గరికి వస్తున్నాను. మళ్ళీ తప్పుతోంది.

మన సంఘం పత్రికకి మాస్టారి గురించి నాలుగు మాటలు రాయమని అడిగారు. నేను చదువుకున్నది ఇంటర్ వరకే. రాయడం అలవాటు లేదు. ఆయన గురించి నాకంటే బాగా రాయగలవాళ్ళు, ఆయన దగ్గర బ్లాక్ బెల్టులు తీసుకుని పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అయినా ఒప్పుకున్నాను. నేను చెప్పవలసిన సంగతి ఒకటుంది. అది ఇంకెవరూ చెప్పలేరు.

ఈ దేశం వచ్చి పార్సిప్పనీ ఊళ్ళో పిల్లల్ని పెంచిన తెలుగువాళ్ళకి ఆయన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆయన మన పిల్లలకి కరాటే నేర్పేవారు. మనిషి పొట్టి, సన్నం. కళ్ళజోడు పడిపోకుండా దానికి నల్లతాడు కట్టుకునేవారు. చూసినవాళ్ళెవరూ కరాటే మాస్టారంటే నమ్మేవారు కాదు. పగలు ఒక కంపెనీలో పాతకాలపు మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ల ప్రోగ్రాములు చూసుకునేవారు. సాయంత్రాలు, శనివారాలు లాండ్రీ షాపు వెనక అద్దెకు తీసుకున్న హాల్లో క్లాసులు. ఆ హాల్లో ఎప్పుడూ డ్రయ్యర్ల వేడి, సబ్బు వాసన. పిల్లల చెప్పులు తలుపు దగ్గర వరసగా లేకపోతే క్లాసు మొదలయ్యేది కాదు. ఎవరినీ కోప్పడేవారు కాదు, తనే వంగి సర్దేవారు. రెండోసారికి పిల్లలే సర్దుకునేవారు. ఐదేళ్ళ పిల్లవాణ్ణి కూడా "ఏమండీ, మోచెయ్యి లోపలికి పెట్టండి" అనేవారు. ఆ పిల్లలకి ఇంట్లో ఎవరూ అండీ అనరు కదా, ఆ మాటకే నిటారుగా నిలబడిపోయేవారు.

మా అమ్మాయి చిన్నీని ఏడేళ్ళప్పుడు చేర్పించాం. క్లాసులో ఎవరో దాని పెన్సిల్ డబ్బా తీసుకుంటే వారం రోజులు తిరిగి అడగలేకపోయింది. "నీ గొంతే దీనికీ వచ్చింది" అన్నారు మా వారు. నిజమే. నాది బయటికి రాని గొంతు. గుడిలో హారతి పాట కూడా పక్కనున్నవాళ్ళకి వినపడదు.

ఇక నేను చెప్పవలసిన సంగతి. మీ పిల్లలు స్టేజి మీద చేత్తో చెక్క విరగ్గొట్టినప్పుడు మీరంతా ఫోన్లు ఎత్తి వీడియోలు తీశారు. ఆ చెక్కలు మా ఇంటి ఓవెన్‌లో ఆరినవి.

అది మాస్టారు దాచిన రహస్యం కాదు. ఎవరైనా అడిగితే చెప్పమనే అన్నారు. ఎవరూ అడగలేదు. పైన్ చెక్కలో తడి ఉంటే అది వంగుతుంది, ఎండితే పెళుసుగా విరుగుతుంది. మొదట్లో ఆయనే అప్పుడుండే అపార్ట్‌మెంట్‌లో ఆరబెట్టుకునేవారు. ఒకసారి పొగ వచ్చి అలారం మోగి ఫైరింజను వచ్చింది. మేనేజరు గట్టిగా హెచ్చరించాడు. మర్నాడు డిక్కీ నిండా చెక్కలతో మా గుమ్మం ముందు నిలబడ్డారు.

"అమ్మా, మీ ఓవెన్ ఖాళీగా ఉందా?"

మనవాళ్ళ ఇళ్ళలో ఓవెన్ ఖాళీగా ఎందుకుంటుంది? బాండీలు, పెనాలు, కుక్కర్ మూతలు అన్నీ అందులోనే. అవన్నీ తీసి కింద పేర్చాను. రెండు వందల డిగ్రీల ఫారెన్‌హీట్ మీద, తలుపు కాస్త తెరిచి, రెండు గంటలు ఉంచాలన్నారు. నేను గడియారం పెట్టుకోలేదు. పక్కనే పీట వేసుకుని జపమాల పట్టుకున్నాను. పదకొండు మాలలు తిరిగేసరికి సరిపోయేది. ఇల్లంతా అడవి వాసన. మా వారు ఆఫీసు నుంచి వచ్చి మూత తీసినట్టు ఓవెన్ తలుపు తీసి చూసి, "ఇవాళ భోజనంలోకి ఫర్నిచరా?" అన్నారు.

అది మొదలు పదమూడేళ్ళు ఆ పని నాదే. ముడి ఉన్న చెక్కని పక్కన పెట్టడం, గీతలు నిలువుగా ఉన్నాయా అడ్డంగా ఉన్నాయా చూడడం నేర్చుకున్నాను. కానీ ఆయనకి ఒక నియమం ఉండేది. మొదటిసారి కొట్టే చిన్నపిల్లల చెక్కలే ఆరబెట్టాలి. "లేత ఎముకలమ్మా. వీళ్ళకి ఇప్పుడు కావలసింది చెయ్యి మధ్యలో ఆగిపోకుండా ఉండడం, అంతే" అనేవారు. గ్రీన్ బెల్టు దాటినవాళ్ళకి మాత్రం కొన్న చెక్క కొన్నట్టే ఇవ్వాలి.

మా వారు ఒకసారి ఆయన్ని నిలదీశారు. చెక్కలు దించడానికి వచ్చి మా ఇంట్లో టీ తాగుతున్నారు.

"మాస్టారూ, నిజం చెప్పండి. చెక్క విరగ్గొట్టినవాడు మనిషిని కొట్టగలడా?"

మాస్టారు కప్పు కింద పెట్టారు. "నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు తెనాలిలో స్కూలు గ్రౌండులో పదకొండు పెంకులు పగలగొట్టానండీ. ముఖ్య అతిథి దండ వేశాడు. పేపర్లో ఫొటో పడింది. ఆ వారమే గుంటూరు బస్సెక్కుతూ కిటికీలోంచి సీటు మీద రుమాలు వేశాను. లోపలికెళ్ళేసరికి ఒకాయన నా రుమాలు మీద కూర్చుని ఉన్నాడు. లేవమన్నాను. లేవనన్నాడు. నేనెవరో తెలుసా అన్నాను."

"అబ్బో. తర్వాత?"

"తర్వాత ఏముందండీ, కాళ్ళు సరిగ్గా పెట్టుకుని, పిడికిలి బిగించి, మోచెయ్యి లోపలికుందా లేదా అని చూసుకుంటున్నాను. ఆలోపు ఆయన లేచి చెంప మీద ఒక్కటిచ్చి మళ్ళీ కూర్చున్నాడు."

"మరి మీరేం చేశారు?"

"గుంటూరు దాకా నిలబడి వెళ్ళాను."

మా వారు నవ్వి నవ్వి సోఫాలో వాలిపోయారు. మాస్టారు కూడా నవ్వారు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నారు. "చెక్క మన కోసం ఎదురుచూస్తుందండీ. మనిషి చూడడు. చెక్కకి ఇద్దరు కాపలా ఉండి కదలకుండా పట్టుకుంటారు. మనిషిని ఎవరు పట్టుకుంటారు?"

"అయితే ఇదంతా ఎందుకు మరి? డబ్బు దండగ కాదా?"

"ఆరబెట్టని చెక్క అబద్ధం చెప్పదు. నువ్వు ఎంతవాడివో అంతే చెబుతుంది. విరగ్గొడితే కొంచెం చెబుతుంది, విరక్కపోతే ఎక్కువ చెబుతుంది. నాకు తెనాలిలో ఆ పెంకుల్ని ముందే బట్టీలో మరోసారి కాల్చి పెళుసుగా చేసి ఇచ్చారని తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే రుమాలు తీసుకుని వెనక సీటుకి వెళ్ళేవాణ్ణి."

ఆ మాట నేను వంటగదిలోంచి విన్నాను. విని కూడా చేసిన పని ఇప్పుడు చెబుతున్నాను.

చిన్నీకి పదిహేడేళ్ళు వచ్చాక బ్లాక్ బెల్టు పరీక్ష. ఉగాది కార్యక్రమంలో అందరి ముందూ మూడు చెక్కలు, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒక్క దెబ్బకి విరగ్గొట్టాలి. ముందు వారం మాస్టారు తనే చెక్కలు ఎంచి మా గరాజ్‌లో పెట్టారు. "చిన్నీ గారి చెక్కలు మీ ఓవెన్‌లోకి వెళ్ళకూడదమ్మా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేను తల ఊపాను.

కార్యక్రమం రోజు ఉదయం ఇంట్లో ఎవరూ లేరు. పూజ చేసుకున్నాను. దీపం ముందు కూర్చుంటే చిన్నీ చెయ్యే కనిపిస్తోంది. సన్నటి మణికట్టు, గాజులు వేస్తే జారిపోయే చెయ్యి. ఆ మూడు చెక్కలూ గట్టివి, బరువైనవి. నాలుగు వందల మంది ముందు అది కొట్టి, చెక్క విరక్క, చెయ్యి పట్టుకుని కూలబడినట్టు కళ్ళ ముందు కనిపించింది. లేచాను. బాండీలు బయటపెట్టాను. పదకొండు మాలలు అయ్యాయి. అయినా ధైర్యం చాలలేదు. ఇంకో పదకొండు తిప్పాను. దేవుణ్ణి నమ్మిన దాన్ని, ఆ ఉదయం ఆయనతో పాటు ఓవెన్‌ని కూడా నమ్మాను. నా బిడ్డని మాత్రం నమ్మలేదు.

సాయంత్రం స్టేజి మీద చిన్నీ కొట్టింది. 'టప్'మని ఒక్కసారే విరిగాయి. ఎండిన అప్పడం విరిగినట్టు. హాలు దద్దరిల్లింది. మా వారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చిన్నీ ముఖం నాకిప్పటికీ గుర్తే. అది అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. మాస్టారు వంగి ఒక ముక్క తీసుకున్నారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. జనంలో నా కోసం వెతికారు. నా మీద చూపు ఆగింది. నేను కొంగు సర్దుకున్నాను.

ఆయన రెండు వారాల తర్వాత ఫోన్ చేశారు. "చిన్నీ గారిని ఒక శనివారం పొద్దున్న పంపించండమ్మా. ఎవరూ ఉండరు. ఇంకో మూడు చెక్కలు కొట్టిద్దాం. మీరు పట్టుకోవచ్చు." దానికి పరీక్షలున్నాయన్నాను. తర్వాత కాలేజీ అడ్మిషన్ పనులన్నాను. ఇంకోసారి జ్వరమన్నాను. ఆయన మూడుసార్లు అడిగి మానేశారు. ఆగస్టులో చిన్నీ కాలేజీలో చేరడానికి పిస్కాటవేకి వెళ్ళిపోయింది.

రెండో సంవత్సరం చలికాలంలో, సాయంత్రం బస్ స్టాప్ నుంచి నడిచి వస్తుంటే ఎవడో వెనక నుంచి దాని బ్యాగు పట్టి లాగాడు. బ్యాగు వదిలేసి పరిగెత్తవచ్చు. పక్కనే వెలుగున్న కాఫీ షాపు ఉంది, లోపల మనుషులున్నారు. అది ఆగింది. కాళ్ళు సరిగ్గా పెట్టుకుంది. స్టేజి మీద కొట్టినట్టే కొట్టింది. వాడి నుదుటి మీద తగిలింది. చిన్నీ చేతిలో చిటికెన వేలి కింది ఎముక విరిగింది.

ఎమర్జెన్సీ గదిలో అది నాతో అన్న మాటలు నా చెవిలోంచి పోవు. "అమ్మా, వాడు రన్ కూడా చెయ్యలేదు. నా బ్యాగ్ తీసుకుని వాక్ చేశాడు. జస్ట్ వాక్ చేశాడు. నేను త్రీ బోర్డ్స్ బ్రేక్ చేశాను కదమ్మా? మరి అది ఏంటి?"

నేను దాని నుదురు నిమిరాను.

వాపు తగ్గాక కట్టు కట్టారు, ఆరు వారాలకి తీశారు. ఎముక అతుక్కుంది. పిల్ల మాత్రం వెనక్కి రాలేదు. ఒంటరిగా నడవడం మానేసింది. లైబ్రరీకి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు తోడుండాలి. బెల్టుని మడిచి అట్టపెట్టెలో వేసి పైన టేపు అంటించింది. "అదంతా ఫేక్ అమ్మా. టెన్ ఇయర్స్ ఫేక్" అంది. మాస్టారు ఫోన్ చేస్తే తీయలేదు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళాను. నా జన్మలో గొంతు ఎత్తింది ఆ ఒక్క రోజే. క్లాసు మధ్యలో, పిల్లల ముందు, తల్లుల ముందు అడిగాను. "పదేళ్ళు మీరు నేర్పించింది ఇదేనా మాస్టారూ? చెక్కలు విరగ్గొట్టించి దాన్ని ఏదో వీరనారిని చేశారు. చూడండి ఏమైందో!" గోడ అవతల డ్రయ్యర్లు తిరుగుతున్న చప్పుడొక్కటే.

మాస్టారు రెండు చేతులూ జోడించారు. "తప్పు నాదేనమ్మా" అన్నారు.

అంతే. నేను కారు దాకా వచ్చి తాళం తిప్పబోతూ ఆగిపోయాను. ఆయనకి తెలుసు. స్టేజి మీద ఆ ముక్క వాసన చూసినప్పుడే తెలుసు. అక్కడ అంతమంది ముందు ఒక్క మాట అంటే చాలు, నా నోరు మూతపడేది. అనలేదు. నేను తిరిగి లోపలికి వెళ్ళాలి. వెళ్ళలేదు. ఇంటికి వచ్చి దీపం పెట్టాను, ఆ రోజు దీపం వైపు చూడలేకపోయాను.

ఆ తర్వాత క్లాసులు మారిపోయాయి. చెక్కలు చిన్నపిల్లలకి ఏడాదికి ఒక్కసారి మాత్రమే. మొదటి పావుగంట పిల్లలందరూ భుజాన స్కూలు బ్యాగులతో పార్కింగ్ లాట్‌లో నిలబడేవారు. ఆయన ఈల వేయగానే బ్యాగు పారేసి, గట్టిగా అరుస్తూ లాండ్రీ తలుపు దాకా పరిగెత్తాలి. "ముందు కాళ్ళు, తర్వాత గొంతు, ఆఖరికి చెయ్యి" అనేవారు. కొందరు తల్లిదండ్రులు గొణిగారు.

"ఇదేంటండీ, ఫీజు కట్టి పారిపోవడం నేర్చుకోవాలా?"

"నేర్పకపోతే పారిపోలేరండీ. మా పెద్ద స్టూడెంట్ ఒకరికి నేను నేర్పలేదు."

ఎవరి గురించో చెప్పలేదు. కొందరు పిల్లల్ని మాన్పించేశారు. ఆయన మిగిలినవాళ్ళ చెప్పులు సర్దుకుంటూ ఉండిపోయారు.

చిత్రమేమిటంటే ఆ గొడవ తర్వాత కూడా చెక్కలు మా ఇంటికే తెచ్చేవారు. ఏడాదికోసారి డిక్కీ తెరిచి, "ఓవెన్ ఖాళీయేనా అమ్మా?" అని అదే మాట. ప్రతిసారీ చెప్పేద్దామనుకునేదాన్ని. నాలుక దాకా వచ్చేది. "టీ పెట్టమంటారా మాస్టారూ?" అనేదాన్ని. మూడేళ్ళు ఇలాగే టీ ఇచ్చాను. ఈసారి కూడా, పోవడానికి పది రోజుల ముందు, నలభై చెక్కలు దించారు. మెట్టెక్కుతూ ఒక్క క్షణం ఆగి రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నారు. అసిడిటీ అన్నారు. టీ వద్దన్నారు. "చిన్నీ గారు ఎలా ఉన్నారు?" అని అడిగారు. బాగుందన్నాను.

ఆదివారం సంస్మరణకి విద్యార్థులంతా తలొక చెక్క విరగ్గొట్టి నివాళి ఇద్దామనుకున్నారు. నాకు మెసేజ్ పెట్టారు. "ఆంటీ, బోర్డ్స్ యాజ్ యూజువల్ మీరే కదా? పెద్దవాళ్ళం కూడా చేస్తున్నాం, అన్నీ ఆరబెట్టేయండి ప్లీజ్."

శనివారం ఉదయం చిన్నీ వచ్చింది. ఇప్పుడు దానికి ఇరవై రెండు. ఉద్యోగం చేస్తోంది, అయినా ఎవరో దింపితే తప్ప రాదు. అది లోపలికి వచ్చేసరికి నేను ఓవెన్ ముందు పీట మీద కూర్చుని ఉన్నాను. బాండీలు ఇంకా లోపలే ఉన్నాయి. ఎంతసేపటినుంచి కూర్చున్నానో నాకే తెలియదు.

"అమ్మా, ఏంటి అలా కూర్చున్నావ్? ఓవెన్ పాడయిందా?"

"లేదు. చిన్నీ, నీ బ్లాక్ బెల్టు చెక్కలు నేను ఇందులో పెట్టాను."

"సో? అందరివీ పెడతావ్ కదా."

"నీవి పెట్టొద్దన్నారు మాస్టారు. గట్టిగా చెప్పారు. నేనే పెట్టాను."

అది బ్యాగు దించలేదు. "ఎంతసేపు?"

"ఇరవై రెండు మాలలు."

"గంటల్లో చెప్పమ్మా."

"నాలుగు గంటలు."

"నాలుగు... నువ్వు వాటిని కుక్ చేశావ్!" నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "మాస్టర్‌కి తెలుసా?"

"తెలుసు. నిన్ను మళ్ళీ పంపించమని మూడుసార్లు అడిగారు. నేనే పంపలేదు. తర్వాత నీ చెయ్యి విరిగితే వెళ్ళి ఆయన్నే అన్నాను. ఆయన నా మాట చెప్పలేదు."

చిన్నీ నేల మీద కూర్చుంది. కుడిచెయ్యి తెరిచి, మూసి చూసుకుంది. "నేను బ్రేక్ చెయ్యలేనని అనుకున్నావా?"

"నీ చెయ్యి నొప్పెడుతుందని..."

"అది కాదమ్మా నేను అడిగింది."

నేను తల ఊపాను. అవును, అనుకున్నాను.

"నేను ఆయన కాల్ తీయలేదు," అంది. "త్రీ ఇయర్స్. ఆయన నాకు లై చేశారనుకున్నాను." తర్వాత ఏడ్చింది. నేను దగ్గరికి జరిగితే చేత్తో వద్దంది. నేను జరగలేదు.

కాసేపటికి లేచి తనే బాండీలు తీసి కింద పెట్టింది. "చిన్నపిల్లలవి పెట్టు. అది మాస్టర్ రూల్. పెద్దవాళ్ళవి వద్దు. నువ్వు పెట్టకుండా చూస్తూ నేను ఇక్కడే ఉంటా."

ఆదివారం ఏమైందో వచ్చినవాళ్ళు చూశారు. బుడ్డపిల్లలంతా టకటకా విరగ్గొట్టేశారు. పెద్దవాళ్ళలో సగంమందికి విరగలేదు. పిల్లలతో పాటు తనూ దిగిన ఒక తండ్రి మూడుసార్లు కొట్టి, చెయ్యి విదిలించుకుంటూ, "ఇదేంటి, ఈసారి వేరే బ్రాండ్ చెక్క తెచ్చారా?" అన్నారు. హాల్లో చాలామంది నవ్వారు. ముందు వరసలో కూర్చున్న మాస్టారి భార్య కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు మైకు ఇచ్చారు. చెప్పాలనే తీసుకున్నాను. గొంతు రాలేదు. దండం పెట్టి తిరిగి ఇచ్చేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. చెక్కల గురించి మాస్టారి మీద ఎవరైనా ఏదైనా అనుకుని ఉంటే, చిన్నీ విషయంలో ఆయన తప్పేమీ లేదు. పిల్లల ముందు నేనన్న మాట పిల్లలకే తిరిగి చెబుతున్నాను: ఆ మాట తప్పు.

ఆ చెక్కలు విరక్కపోయుంటే నా బిడ్డ ఆ రోజు బ్యాగు వదిలేసి పరిగెత్తేదా? ఏమో. ఆరబెట్టని చెక్క విరగ్గొట్టినంత మాత్రాన మనిషి పుర్రె మెత్తబడదు. అది నాకు తెలుసు. కానీ తన చెయ్యి ఎంతదో దానికి తెలిసి ఉండేది. ఆ ఒక్కటీ నేను తెలియనివ్వలేదు. రోజుకి ఎన్నిసార్లు ఇదే ఆలోచన తిప్పి తిప్పి చూసినా చివర దొరకడం లేదు.

సంస్మరణ అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాం. మాస్టారి భార్య చిన్నీని దగ్గరికి తీసుకుని, గరాజ్‌లోంచి పాత టవల్‌లో చుట్టిన ఒక మూట తెచ్చారు. "ఇవి నీవమ్మా. ఐదేళ్ళుగా అరమీద ఉన్నాయి. ఎప్పుడు పారేద్దామన్నా ఒప్పుకోలేదు. చిన్నీ గారు ఒక శనివారం వస్తారు అనేవారు." విప్పితే మూడు పైన్ చెక్కలు. ప్రతిదాని మూలలో పెన్సిల్‌తో, ఆయన గుండ్రటి అక్షరాల్లో, 'చిన్నీ గారు' అని రాసి ఉంది.

ఇంటికి రాగానే చిన్నీ పెరట్లోకి వెళ్ళింది. బట్టలు కూడా మార్చుకోలేదు. "అమ్మా, రా. నువ్వు పట్టుకో."

నేనెప్పుడూ చెక్క పట్టుకోలేదు. మాస్టారు పట్టుకునేవాళ్ళకి చెప్పే మాట మాత్రం వందసార్లు విన్నాను. "కొట్టేవాళ్ళ భయం కన్నా పట్టుకునేవాళ్ళ భయం ఎక్కువ పాడుచేస్తుందండీ. మీ చెయ్యి వెనక్కి పోతే దెబ్బ దానితో పాటు పోతుంది, చెక్క విరగదు, కొట్టినవాళ్ళ చెయ్యి నొప్పెడుతుంది."

ఒక చెక్క రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. చిన్నీ కొట్టింది. పిడికిలి వస్తుంటే నా కళ్ళు మూసుకుపోయాయి, మోచేతులు వంగిపోయాయి. చెక్క అలాగే ఉంది. చిన్నీ చెయ్యి విదిలించుకుంది. వేళ్ళ కణుపులు ఎర్రబడ్డాయి.

"చాలు తల్లీ. రేపు చూద్దాం."

"అమ్మా, నువ్వు మూవ్ అవుతున్నావ్. డోంట్ మూవ్."

"నీ చెయ్యి..."

"నా చెయ్యి నాకు తెలుసు. నువ్వు కదలకు."

కాళ్ళు దూరంగా పెట్టుకున్నాను. మోచేతులు బిగించాను. ఏ నామం తలచుకోవాలో కూడా తోచలేదు. కళ్ళు తెరిచే ఉంచాను. దాని ముఖం చూశాను. స్టేజి మీద చూసిన ముఖం కాదు. నవ్వు లేదు, కోపం లేదు. నా వెనక ఎక్కడో ఉన్న దేన్నో చూస్తున్నట్టుంది.

ఈసారి 'టప్'మనలేదు. బరువైన, లోతైన చప్పుడు. నా భుజాల దాకా వచ్చింది. నా రెండు చేతుల్లో రెండు ముక్కలు మిగిలాయి. ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పచ్చి చెక్క వాసన. మా వంటింటి వాసన లేదు.

చిన్నీ ఎర్రబడిన చెయ్యిని ఊదుకుంటూ, గడ్డి మీద టవల్‌లో మిగిలిన రెండు చెక్కల వైపు చూసింది.

"ఇంకోటి పట్టుకో అమ్మా," అంది.

నేను వంగి తీసుకున్నాను. పెన్సిల్ అక్షరాలు నావైపు తిప్పుకుని, మోచేతులు బిగించి నిలబడ్డాను.